ఇరవై మూడు కోట్ల ఏళ్ల సీనియర్

సాన గది రోజువారీ పుస్తకం
పురుగుల పునర్జీవ కేంద్రం, గుండ్లగుట్ట సీతాఫలం తోట
రాస్తున్నది: అండాలు, సాన పని

నమోదు 1. కృత్తిక కార్తె, రెండో రోజు

పైనుంచి ఉత్తర్వు వచ్చింది. సాన గదిలో ఏం జరిగినా ఏ రోజుకా రోజు రాసిపెట్టాలట. పాత పుస్తకంలో పదహారేళ్లు రాశాను. ఎవరైనా చదువుతున్నారా అని అనుమానం వచ్చి ఒకసారి "ఈ రోజు గదిలోకి ఏనుగు వచ్చి టీ తాగి వెళ్లింది" అని రాశాను. మూడు నెలల తర్వాత దాని కింద "చూడబడినది" అని ముద్ర పడింది. అందుకని ఈ కొత్త పుస్తకంలో నాకు తోచిందే రాస్తాను.

నా పని ఇది. కాగితాల మీద తృణమణి అంటారు, మేం బంకరాయి అంటాం. కోట్ల ఏళ్ల కిందట చెట్టు నుంచి కారిన బంక గట్టిపడి రాయిలా అయింది. అందులో అప్పుడు చిక్కుకున్న పురుగు కాళ్లతో, మీసాలతో సహా అలాగే ఉంటుంది. నేను ఆ రాయిని సాన మీద అరగదీసి, పురుగుకు వెంట్రుకవాసి దూరంలో ఆపాలి. అప్పుడే పటం తీసే యంత్రం దాన్ని పొరలు పొరలుగా చదవగలదు. ఆ పటం చూసి పొదుగు గదిలో గుడ్లు తయారుచేస్తారు. ముందే ఆపితే యంత్రానికి అంతా మసక. దాటితే పురుగు పొడి.

బయట తోటలో పని మా అక్క బాలవ్వది. మా ముత్తాతల కాలంలో మందులు కొట్టి కొట్టి పురుగన్నదే లేకుండా చేశారు. కాబట్టి ఇప్పుడు సీతాఫలం పువ్వుకు మనిషే పురుగు. ఈ పువ్వు మొదటి రోజు ఆడది, రెండో రోజు సాయంత్రానికి మగది. సాయంత్రం మగపూల పుప్పొడిని డబ్బీలోకి దులుపుకొని, తెల్లారి ఆడపూలలో కుంచెతో అద్దాలి. ఆరువందల చెట్లకు పదకొండు కుంచెలు. వాటిని పట్టేవాళ్లంతా అరవై దాటినవాళ్లే.

మఖ కార్తెలో తనిఖీ ఉంటుంది. చెట్టుకు సగటున నలభై కాయలు లేకపోతే నీళ్ల గొట్టం కట్టేసి, ఊరి మొత్తాన్ని రాజధానిలో నలభై అంతస్తుల డబ్బాల్లోకి ఎక్కిస్తారు. పోయినేడు నలభై మూడు వచ్చాయి. అప్పటికి అక్క మోకాళ్లు ఇంత పాడవలేదు.

నమోదు 2. కృత్తిక కార్తె, తొమ్మిదో రోజు

శుభవార్త. మన కేంద్రానికి కూడా ఈ ఏడు ఒక పురుగును తిరిగి పుట్టించుకునే అనుమతి వచ్చింది. ఒక్కటంటే ఒక్కటే. మా అల్మారాలో పెంకు పురుగులున్న బంకరాళ్లు రెండే రెండు. మిగతావన్నీ చీమలు, దోమలు. దోమల్ని తిరిగి పుట్టించాలని ఇంతవరకు ఏ అధికారికీ తోచలేదు, అది మన అదృష్టం.

రెండిట్లో చిన్నది ఆవగింజంత. వయసు తొమ్మిది కోట్ల తొంభై లక్షల ఏళ్లని రాజధాని వాళ్లు కట్టిన ట్యాగు దాని కింద ఉంది. భూతద్దంలో చూసి కుర్చీలోంచి లేచాను. దాని మూతి చుట్టూ సన్నటి నూగు, ఆ నూగు నిండా పుప్పొడి గింజలు! వెనకాల బంకలో కూడా పుప్పొడి చుక్కలు వరసగా ఉన్నాయి. పువ్వులోంచి బయటికొస్తూ బంకలో పడిందన్నమాట. సీతాఫలం పువ్వు ఎప్పుడూ బార్లా తెరుచుకోదు. మూడు మందపాటి రేకులు సందు మాత్రం ఇస్తాయి. ఆ సందులోకి దూరాలంటే సరిగ్గా ఇంత పురుగే కావాలి.

సాయంత్రం అక్కను పిలిచి చూపించాను. భూతద్దం మీదికి వంగి రాయిని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదేనా నా కుంచె గుంజుకునేది?" అంది చివరికి.

"ఇదే అక్కా."

"గుంజుకోనియ్. ఇరవై ఏండ్ల సంది చేస్తున్న, ఇంక నా శాతగాదు."

నమోదు 3. రోహిణి కార్తె, మూడో రోజు

ఎంపిక సమావేశం జరిగింది. పెద్ద కుర్చీలో డైరెక్టర్ హృషీకేశ్ గారు. పక్కన సీనియారిటీ జాబితా మోసే సూపరింటెండెంట్ కనకలింగం గారు. ఈయన ఇంతకుముందు వర్షపాతం శాఖలో పనిచేశారు. అక్కడ వాన పడకపోయినా ఈయన పదోన్నతులు ఆగలేదు.

ఎంపిక అనవసరమని మొదటి నిమిషంలోనే తేలిపోయింది. పక్క జిల్లా కేంద్రం వాళ్లు పదకొండు కోట్ల ఏళ్ల తేనెటీగను తీసుకొచ్చారట. మనం అంతకన్నా చిన్నదాన్ని తెస్తే పరువు పోతుందట. కాబట్టి జాబితాలో మొదటి నంబరు, ఇరవై మూడు కోట్ల ఏళ్లది, ఖాయం.

నా ఒళ్లు మండింది. నిలబడ్డాను. ఆ పెద్ద పురుగును కూడా నేను చూశాను. అది చెక్క తినే జాతి. పెంకు మీద తడక అల్లినట్టు వరసలుగా గుంటలు. దవడలు పటకారులాంటివి. దానితో పాటు బంకలో పడ్డది కూడా చెక్క పొట్టే. అసలు పెంకు పురుగుల్లో ముందరి రెక్కలు గట్టిపడి పెంకయిందే బెరడు కిందికి దూరేటప్పుడు ఒళ్లు గీరుకుపోకుండా ఉండడానికి. పూల సంగతి ఆ తర్వాత కోట్ల ఏళ్లకు వచ్చింది.

"సారూ, ఇది పుట్టిననాడు భూమ్మీద పువ్వే లేదు" అన్నాను.

"లేకుంటే ఏమైతదమ్మా?" అన్నారు కనకలింగం గారు.

"పువ్వంటే ఏందో దానికి తెల్వదు. చెక్క తింటది. మన చెట్లను తింటది."

"గదంత నాకెందుకు? ముందు పుట్టినోళ్లకు ముందు పోస్టింగు. నీ చిన్న పురుగు పద్మూడు కోట్ల ఏండ్లు జూనియర్. దాన్ని పైకి ఎక్కిస్తే రేపు ఇది కోర్టుకు పోదా?"

నవ్వబోయి ఆయన మొహం చూసి ఆగిపోయాను. ఆయన నిజంగానే అంటున్నారు.

డైరెక్టర్ గారు చాలా నెమ్మదస్తులు. "చూడండి అండాలమ్మా, కొత్త డ్యూటీలో చేరిన మొదటి రోజు ఎవరికి మాత్రం ఏం తెలుస్తుంది? నాకు తెలుసా? ట్రైనింగ్ ఇద్దాం" అన్నారు.

తీర్మానం ఇలా రాసుకున్నారు: సీనియర్ పురుగుకు పువ్వు విషయమై వారం రోజుల శిక్షణ. శిక్షకురాలు, బాలవ్వ.

నమోదు 4. రోహిణి కార్తె, ఐదో రోజు

కుంచెలన్నీ వాపసు ఇవ్వాలని ఉత్తర్వు. పురుగు వస్తున్నప్పుడు కుంచె పట్టుకోవడం పురుగును అవమానించడమట. పదకొండు కుంచెలూ సంచిలో కట్టి, సీలు వేసి, స్టోరులో పెట్టారు. తోటలో పూలు విరగబూస్తున్న వారం ఇది. అద్దని పువ్వు మూడో రోజు రాలిపోతుంది.

అక్క నా గదికొచ్చి తలుపు దగ్గరే నిలబడింది. దోసిట్లో రాలిన పూలు.

"గీ పొద్దు ఒక్క వరసల రాలినయి గివి. శాత్రం చెప్పకు, నాకొక్క ముచ్చట చెప్పు. గా పెద్ద పురుగు నిజంగనే చెట్లను తింటదా?"

"తింటది అక్కా. నడుమ చెక్క తింటది. పైకి రెండేండ్లు కనపడదు. మూడో ఏడు గాలికి చెట్టు ఇరిగి పడ్డంక తెలుస్తది."

"మరి నువ్వు గమ్మున కూసున్నవేందే? నోట్ల మట్టి పెట్టుకున్నవా?"

నాకు సిగ్గేసింది. ఆమె పూలను నా సాన బల్ల మీద పోసి వెళ్లిపోయింది.

నమోదు 5. రోహిణి కార్తె, ఆరో రోజు

ట్యాగులు మార్చాను.

అంతకన్నా రాయడానికేం లేదు గానీ, ఇంత తేలిక పని చేసినందుకు ఆశ్చర్యంగా ఉంది కాబట్టి రాస్తున్నాను. పొద్దున తొమ్మిదిన్నరకు, తలుపులు తెరిచి ఉండగానే, చిన్న పురుగు రాయిని అరగదీసి, దాని కింద ఇరవై మూడు కోట్ల ట్యాగు పెట్టి పటం గదికి పంపాను. డైరెక్టర్ గారు ఎదురొచ్చారు. పళ్లెం అందుకొని ట్యాగు చదివారు. కళ్లు చెమర్చాయి. "ఎంత హుందాగా ఉందో చూడండి, ఆ వయసు వేరు" అన్నారు. భూతద్దం లేకుండా ఆ పురుగు ఆయనకు కనపడే అవకాశమే లేదు.

పెద్ద రాయిని అల్మారా అడుగున, గుడ్డలో చుట్టి పెట్టాను.

నమోదు 6. మృగశిర కార్తె, పదో రోజు

గుడ్లు పగిలాయి, పురుగులకు రెక్కలు వచ్చాయి. నాలుగు వేల పురుగులు. ఈ రోజు తోటలో విడుదల ఉత్సవం.

షామియానా వేశారు. రాజధాని నుంచి ఒక పెద్దమనిషి వచ్చి గంటన్నర మాట్లాడారు. ఇరవై మూడు కోట్ల ఏళ్ల నాడే మన గడ్డ మీది పురుగుకు పూల శాస్త్రం మొత్తం తెలుసునని, మిగతా ప్రపంచం అప్పటికి ఇంకా కళ్లు తెరవలేదని అన్నారు. మిగతా ప్రపంచం నిజంగానే కళ్లు తెరవలేదు, పువ్వు కూడా తెరవలేదు. ఈ గడ్డ అప్పుడు ఇక్కడ లేదు కూడా, ఎక్కడో దక్షిణాన మరో ఖండానికి అతుక్కొని ఉంది. అందరం చప్పట్లు కొట్టాం. నేను కొంచెం గట్టిగానే కొట్టాను.

ఇరవై మూడు కోట్ల ఏళ్ల పురుగుకు మా అక్క వారం రోజుల శిక్షణ ఇచ్చినట్టు సర్టిఫికెట్ చదివి, డైరెక్టర్ గారు దాని మీద సంతకం పెట్టారు. ఆమె ఇచ్చిన శిక్షణల్లా డబ్బా మూత తీయడం. పురుగులు గాలిలో ఒక చుట్టు తిరిగాయి. సాయంత్రపు పూల నుంచి పుల్లగా, మగ్గిన పండు వాసన వస్తోంది. ఒక్కొక్కటే వెళ్లి రేకుల సందులోకి దూరాయి. ఎవరూ దారి చూపలేదు.

అక్క కింద కూలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. నాకు మాత్రం ఏడుపే వచ్చింది.

నమోదు 7. మఖ కార్తె, నాలుగో రోజు

తనిఖీ అయింది. చెట్టుకు యాభై ఎనిమిది కాయలు. ఊరు ఊళ్లోనే ఉంటుంది. అక్క మంచం మీద కాళ్లు చాపుకొని పడుకొని, వచ్చినవాళ్లందరితో "నా దగ్గర ట్రైనింగ్ అయిన పురుగులు" అని చెప్పుకుంటోంది.

కనకలింగం గారు నా గదికి వచ్చి మరీ అన్నారు. "సూసినవా? రూల్ పాటిస్తే పువ్వు గూడ మాట ఇంటది. నువ్వేమో తింటది, తింటది అంటివి."

"నిజమే సారూ" అన్నాను. ఇన్నేళ్లలో ఇంత సంతోషంగా నేనెప్పుడూ ఓడిపోలేదు.

నమోదు 8. పుబ్బ కార్తె, ఒకటో రోజు

నా సంతోషం పదిహేను రోజులు కూడా నిలవలేదు.

రాజధాని ఉత్తర్వు: గుండ్లగుట్ట విజయం దృష్ట్యా ఇరవై మూడు కోట్ల ఏళ్ల పురుగునే మిగతా జిల్లాల్లోని పద్నాలుగు తోటల్లోనూ విడుదల చేయాలి. మన పొదుగు గది గుడ్లు పనికిరావు. నకలుకు నకలు తీయకూడదని రూలు. అసలు రాయినే పంపాలి. రాజధానిలో దాని వయసు మళ్లీ కట్టి, సరిపోతే పటం తీస్తారు.

చిన్న రాయి పంపితే వయసు సరిపోదు. పెద్ద రాయి పంపితే వయసు దివ్యంగా సరిపోతుంది. అప్పుడు ఆ చెక్క పురుగు పద్నాలుగు తోటల్లోకి వెళ్తుంది. ఒక్కో తోట వెనక ఒక ఊరుంది. మా అక్కలాంటివాళ్లు ఎందరో అక్కడ కుంచెలు వాపసు ఇచ్చేసి సంతోషంగా ఎదురుచూస్తుంటారు. ఆ ఊళ్ల మీదికి దాన్ని తోలింది నేనే. నిజమే చెప్పి గెలిచి ఉంటే ఈ ఉత్తర్వు వచ్చేదే కాదు. అబద్ధంతో గెలిచి, వాళ్ల మూర్ఖత్వం నిజమని నేనే రుజువు చేసి పెట్టాను.

నేరుగా డైరెక్టర్ గారి గదికి వెళ్లి అంతా చెప్పేశాను. ట్యాగులు, పళ్లెం, అల్మారా, గుడ్డ, అన్నీ. ఆయన లేచి తలుపు వేసి వచ్చి కూర్చున్నారు.

"ఇది ఎవరికైనా చెప్పారా?"

"మీకే సారూ."

"మంచిది. మనసులోనే ఉంచుకోండి. రేపు మధ్యాహ్నానికి పెద్ద రాయి సిద్ధం చేయండి."

నాకు అర్థం కాలేదు. "సారూ, అది చెట్లను తింటది. నడుమ చెక్క తింటది."

"మూడేళ్ల తర్వాత కదా? అప్పటికి నేను రాజధానిలో ఉంటాను, ఆ పద్నాలుగు తోటలూ మన జిల్లావి కావు. వాళ్లకు కావలసింది ఇరవై మూడు కోట్లు. మన దగ్గర ఇరవై మూడు కోట్లున్నాయి. ఇందులో తప్పేముంది చెప్పండి?"

ఇన్నాళ్లూ ఈయన అమాయకుడనుకున్నాను. పురుగుల సంగతి పక్కన పెట్టు, మనుషుల సంగతి తెలుసుకోవడానికే నాకు భూతద్దం కావాల్సింది.

నమోదు 9. పుబ్బ కార్తె, రెండో రోజు

పొద్దున పెద్ద రాయిని గుడ్డలోంచి తీసి, రెండు రాళ్ల ట్యాగులూ మళ్లీ దేనిది దానికి పెట్టాను. సాన ఎక్కించే ముందు గంటసేపు చూశాను. చూసింది చూసినట్టు ఇక్కడ రాస్తున్నాను. ఇంకెక్కడా ఉండదు.

పొడవు వరి గింజంత. రంగు ముదురు గోధుమ, పెంకు అంచున లేత పసుపు. ఒక్కో పెంకు మీద పది వరసల గుంటలు, చతురస్రాలు, అచ్చం తడకలా. కుడి మీసం నిటారుగా ఉంది, ఎడమది తల కిందికి మడతపడింది. వెనక కాలు ఒకటి చాపి ఉంది. బంకలో పడ్డాక బయటికి రావాలని తన్నుకున్నట్టుంది. నోటి దగ్గర చెక్క పొట్టు, నాలుగు పలుకులు. దీని ముందు తరాల అచ్చులు రాళ్ల మీద ఉన్నాయి గానీ, అవి చదునుగా నలిగిపోయాయి. ఇలా నిండుగా, బతికినప్పుడు ఉన్నట్టే ఉన్నది నేనింకొకటి చూడలేదు.

పదకొండు గంటలకు మొదలుపెట్టాను. ఆపాల్సిన చోట ఆపలేదు.

రాయి అరుగుతుంటే బంక వాసన లేస్తుంది. గది నిండా ఆ వాసన కమ్ముకుంది, చెట్లన్నీ వేరేగా ఉన్న కాలపు వాసన. నాలుగు నిమిషాలు పట్టింది. సాన మీద చిటికెడు పసుపు పొడి మిగిలింది. దానిలో ఏది పెంకో, ఏది బంకో తెలియలేదు. బల్ల మీద తల పెట్టి ఏడ్చాను.

పన్నెండింటికి డైరెక్టర్ గారు, కనకలింగం గారు వచ్చారు. ఖాళీ పళ్లెం, పొడి చూసి డైరెక్టర్ గారి నెమ్మది ఎటో పోయింది.

"కావాలని చేశావ్! నీ మీద కేసు పెడతాను. జైలుకు పంపిస్తాను!"

"పెట్టు సారూ. కోర్టుల నన్ను అడుగుతరు గద, మరి తోటల తిరుగుతున్నది ఏ పురుగు అని. నేను చెప్త. షామియానా కింద సంతకం ఎవరు పెట్టిన్రో గూడ చెప్త."

ఆయన నోరు మూసుకున్నారు. కనకలింగం గారు సంచిలోంచి జాబితా తీశారు. ఆయనకు ఈ గొడవలో ఒక్క ముక్క కూడా అర్థం కాలేదని ఒట్టేసి చెప్పగలను. వేలు తడి చేసుకొని పేజీ తిప్పారు.

"గింత లొల్లి ఎందుకు సారూ? మొదటి నంబరు పోయింది. పోస్టు ఖాళీ అయింది. ఖాళీ అయితే రెండో నంబరుకు ప్రమోషన్. దాని వయసు తొమ్మిది కోట్ల తొంభై లక్షలు, ట్యాగు మీద ఉన్నది. గదే పంపుదం."

డైరెక్టర్ గారు ఆయన వైపు, నా వైపు చూశారు. తర్వాత సంతకం పెట్టారు.

నమోదు 10. పుబ్బ కార్తె, ఏడో రోజు

రాజధాని నుంచి జవాబు వచ్చింది. వయసు సరిపోయింది. పద్నాలుగు తోటలకూ చిన్న పురుగే వెళ్తోంది. జాబితాలో మొదటి నంబరు ఎదురుగా కనకలింగం గారు గుండ్రటి అక్షరాలతో "స్వచ్ఛంద పదవీ విరమణ" అని రాశారు.

నన్ను సాన గది నుంచి తీసి స్టోరుకు వేశారు. ఇక మీదట సీలు వేసిన పదకొండు కుంచెలకు నేను కాపలా. రేపు ఈ పుస్తకం అప్పగించాలి.

అక్క కాయలు తెచ్చింది. రెండు చేతులతో పగలగొట్టి సగం నాకిచ్చింది.

"మంచి పని జేసినవ్. పద్నాలుగు ఊర్లు నిలవడ్డయి. ఇంకా ఎందుకే గట్ల మొకం ఏసుకున్నవ్?"

"దాని తప్పేమున్నది అక్కా?"

"దేనిది?"

"ఆ పెద్ద పురుగుది."

అక్క నోట్లోని గింజలు ఉమ్మేసింది. "ఏం లేదు" అంది.

ఏమీ లేదు. అది బెరడు కింద చెక్క నమిలింది, ఒకరోజు బంకలో పడింది, అంతే. ఎవరి పువ్వూ అడగలేదు. ఇరవై మూడు కోట్ల ఏళ్లు ఎవరి జోలికీ పోకుండా పడుకున్నదానికి మేమే పదవి ఇచ్చాం. ఆ పదవి నుంచి దించే దారి దొరక్క, నేను దాన్ని చంపాను.